వింటర్‌సెట్ అంటే జాన్ వేన్ ఒక్కడేనా?

అమెరికాలో అయోవా రాష్ట్రం, మాడిసన్ కౌంటీ కేంద్రమైన వింటర్‌సెట్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆ ఊరు గర్వంగా చెప్పుకోవలసిన మనిషిని, వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌నే వదిలేసింది. కప్పు వేసిన చెక్క వంతెనలు (ఒకప్పుడు 19, ఇప్పుడు 6), 1907లో అక్కడ పుట్టిన సినీ నటుడు జాన్ వేన్, అంతటితో సరి. వేన్ కుటుంబం అతని పసితనంలోనే ఊరు విడిచింది. కార్వర్ బతుకు మలుపు తిరిగింది మాత్రం అక్కడే. బానిసగా పుట్టినవాడు, నల్లవాడని కాన్సస్‌లో ఒక కాలేజీ సీటిచ్చి మరీ వెనక్కి పంపింది. 1880ల చివర్లో వింటర్‌సెట్ హోటల్లో వంటపనికి కుదిరాడు. చర్చిలో అతని గొంతు విన్న మిల్‌హాలండ్ దంపతులు పట్టుబట్టి చదువుకోమంటే 1890లో పక్క కౌంటీలోని సింప్సన్ కాలేజీలో చేరాడు. అయోవాలోనే ఏమ్స్ కాలేజీలో వ్యవసాయశాస్త్రం చదవడం, అలబామా రాష్ట్రంలోని టస్కెగీ విద్యాసంస్థలో వేరుశనగ ప్రయోగాలు చేయడం ఆ తర్వాతి సంగతి. వేరుశనగనే నమ్ముకున్న మా అనంతపురంలో కూడా ఈ పేరు ఎందరికి తెలుసు? అయోవా రాజధాని డెమోయిన్‌లోని తెలుగువాళ్లం ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు వంతెనల దగ్గర ఫొటోలు తీసి తిరిగొచ్చేస్తున్నాం. ఊళ్లో కార్వర్ పేరిట ఉన్న చిన్న పార్కు వైపు పోయేవాళ్లు నాకైతే కనబడలేదు. ఇక్కడి తెలుగు సంఘాలు పిల్లల పిక్నిక్‌లో ఆ పార్కును చేర్చాలి. మీరు కూడా కార్వర్ మీద విడిగా ఒక వ్యాసం వేయండి.

– ఒక పాఠకురాలు, డెమోయిన్