క్లోన్ల తగవు తీర్చిన మిత్రులకు కృతజ్ఞతలు

పాత హోస్టు (వర్చువల్ సర్వర్లను నడిపే అసలు యంత్రం) నుంచి కొత్త హోస్టుకు మా వర్చువల్ సర్వర్లను తరలించే పనిలో సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు. సర్వర్లన్నీ కొత్త చోట కుదురుకున్నాయి.

మెషీన్-ఐడీ (ఒక్కో లినక్స్ సర్వర్‌ను గుర్తించే సంఖ్య, ఒక ఫైలులో ఉంటుంది) సంగతి పట్టుకున్న మిత్రులకు మాత్రం విడిగా చెప్పుకోవాలి. ఒకే మూలప్రతి నుంచి తీసిన రెండు లినక్స్ క్లోన్లు (నకలు సర్వర్లు) వంతులు వేసుకున్నట్టు నెట్‌వర్క్ నుంచి మాయమవుతున్నాయి. నెట్‌వర్క్ కార్డులను గుర్తించే మ్యాక్ చిరునామాలు వేరువేరుగానే ఉన్నాయి. మీరు ఊహలేవీ చెప్పకుండా ముందు డీహెచ్‌సీపీ లీజులు (ఏ సర్వర్‌కు ఏ ఐపీ చిరునామా ఇచ్చారో తెలిపే జాబితా) చూపించమన్నారు. చూస్తే రెండింటికీ ఒకే ఐపీ! లినక్స్‌లో నెట్‌వర్క్‌ను చూసుకునే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ మామూలుగా తన గుర్తింపును మ్యాక్ నుంచి కాక మెషీన్-ఐడీ నుంచి తయారుచేసి పంపుతుందనీ, డిస్కుకు నకలు తీసినప్పుడు ఆ ఫైలూ పొల్లుపోకుండా వచ్చేస్తుందనీ మీరు ఓపికగా విడమరిచారు. ఈటీసీ డైరెక్టరీలోని ఆ ఫైలును ఖాళీ చేసి రీబూట్ చేయగానే కొత్త ఐడీ పుట్టింది, గొడవ సద్దుమణిగింది.

ఒక్కోదానికి స్థిరమైన ఐపీ ఇచ్చేస్తే సరిపోతుందని మరొకరు సూచించారు. వారికీ ధన్యవాదాలు, ఆ దారిలోనూ ఐపీ తగవు తీరేదే. కానీ జర్నల్ లాగులు (సర్వర్‌లో జరిగినవాటి నమోదులు) కూడా మెషీన్-ఐడీ పేరు మీదే నిల్వ అవుతాయి కాబట్టి, లాగులన్నీ ఒకచోటికి చేర్చే మాలాంటి వారికి ఏ వరుస ఏ సర్వర్‌దో తెలియని తలనొప్పి మిగిలేది. దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు సర్వర్‌ను గుర్తుపట్టే ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా రెండింటిలో ఒకటే అని గుర్తుచేసినదీ మెషీన్-ఐడీ సంగతి పట్టుకున్న మీరే. వాటినీ కొత్తగా పుట్టించాం.

వర్చువల్ సర్వర్‌కు చూపే సీపీయూ రకాన్ని ‘హోస్ట్’ (అసలు యంత్రానిది ఉన్నదున్నట్టు) అని వదిలేయవద్దన్న మాట కూడా బాగా అక్కరకొచ్చింది. అలా వదిలేస్తే కొత్త ప్రాసెసర్‌కు మాత్రమే తెలిసిన ఆదేశాలను గెస్ట్ (హోస్టు మీద నడిచే వర్చువల్ సర్వర్) వాడటం మొదలుపెడుతుంది. నడుస్తున్న సర్వర్‌ను తిరిగి పాత యంత్రం మీదికి తేవాల్సి వస్తే అక్కడ కూలిపోవచ్చు. రెండు హోస్టులకూ ఉమ్మడిగా ఉన్న ఎక్స్86-64-వీ2 అనే సీపీయూ రకం పెట్టాక సర్వర్లను అటూ ఇటూ నిశ్చింతగా జరిపాం. వేగం తగ్గిందేమో గానీ మా పనికి తేడా తెలియలేదు.

డేటాబేస్ సర్వర్‌ను ఆపి నకలు తీయమన్నవారికి కూడా నమస్కారాలు. రాత్రిపూట కాసేపు సేవ నిలిచింది, అంతే.

ఐడీ ఖాళీ చేయడం, కీలు తొలగించడం ఇప్పుడు మా మూలప్రతి తయారీలోనే భాగం. ఆ స్క్రిప్టు కావాలన్నవారికి సంతోషంగా ఇస్తాను.