బస్సు ఆగే ఇరవై నిమిషాలు

దోస్త్,

నువ్వు ఫోన్ చేసినప్పుడు రెండు బస్సులు ఒకేసారి ఆగాయి, సరిగ్గా మాట్లాడలేకపోయాను. కానీ టెన్షన్ తట్టుకోలేక పాలమూరు హోటల్లో పని మానేస్తా అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

సూర్యాపేట దగ్గర మా హోటల్ సంగతి నీకు తెలుసు కదా. 65వ నంబరు జాతీయ రహదారి, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు పోయే బండ్లన్నీ మా ముందు నుంచే. బస్సు ఆగేది ఇరవై నిమిషాలు, అందులోనే దోసె కావాలి, చంటిపిల్లకు వేడి పాలు కావాలి, ఆలస్యమైతే తిట్లు. మొదట్లో చెప్పిన పని చేసి తిట్లు తిని ఊరుకునేవాణ్ణి. తర్వాత జనం బస్సు దిగుతుండగానే ఎదురెళ్లి, "దోసెకు పావుగంట పడుతుంది, తొందరుంటే ఇడ్లీ, వడ ఇప్పుడే ఇస్తాం" అని చెప్పడం మొదలుపెట్టాను. నన్నెవరూ చెప్పమనలేదు. సగం గొడవలు అక్కడే తగ్గాయి. బల్లలు తుడిచే అక్కైతే పిల్లల తల్లులను ఫ్యాన్ కింద కూర్చోబెట్టి పాలు తనే తెచ్చిస్తుంది. "నేను తుడిచేదాన్నే కాదు, వచ్చినోళ్లను అర్సుకునేదాన్ని" అంటది. నోరు పారేసుకునే గిరాకీ వస్తే, తిట్లు పడ్డవాణ్ణి లోపలికి పంపి ఆ బల్ల ఇంకొకరం చూసుకుంటాం.

ఇట్లా చేసే పనిని మనమే కొంచెం మనకు తగ్గట్టు మలుచుకోవడానికి జాబ్ క్రాఫ్టింగ్ అని పేరుందట. ఆమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో దీని గురించి రాశారు. ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లలో కొందరు రోగులను పలకరిస్తూ, వాళ్లు కోలుకోవడంలో తమ చెయ్యి కూడా ఉందనుకునేవాళ్లట. చదువుతుంటే మా అక్కే కనిపించింది.

అయితే దోస్త్, ముగ్గురి పని నీ ఒక్కడి మీద వేసి సర్దుకోమంటే మాత్రం సర్దుకోకు. అది అన్యాయం. పోయిన పండుగకు మేం నలుగురం కలిసి పోయి ఓనర్‌ను అడిగితేనే ఇంకో ఇద్దరిని పెట్టాడు. ఒక్కణ్ణే అడిగి ఉంటే ఇచ్చేవాడు కాదు.

మానేసే ముందు ఒక్క వారం, ఏ పూట, ఎవరి మాటకు నీకు టెన్షన్ పెరుగుతుందో కాగితం మీద రాసిపెట్టు. అందులో నీ చేతిలో ఉన్నవేవో, ఓనర్‌ను అడగాల్సినవేవో కలిసి చూద్దాం. వచ్చే మంగళవారం నాకు సెలవు, నేనే పాలమూరు వస్తా. అమ్మకు చెప్పు, అన్నం అక్కడే తింటా.