ఆ 100 ఎంబీని మర్చిపోకండి

ఎడిటర్ గారికి,

కంప్యూటర్‌లో రెండో హార్డ్ డిస్క్ పెట్టి మిర్రర్ చేసుకుంటే (ఒక డిస్కులో రాసిందే అప్పటికప్పుడు రెండో దాంట్లోనూ పడేలా పెట్టుకుంటే) ఇక టెన్షన్ ఉండదని, అందుకు రెండు డిస్కులూ ఒకే సైజువి కొనాలని ఇటీవల మీ కంప్యూటర్ శీర్షికలో రాశారు. ఒకే సైజువి కొనక్కర్లేదు. టెన్షన్ ఉండదన్న మాటైతే నా విషయంలో నిజం కాలేదు.

తిరుపతి కొర్లగుంటలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలే ప్రధానం. పేజీలు అమర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు, విండోస్ 7 ప్రొఫెషనల్. పాతదని నవ్వుకోకండి, ఈ పనికి అది చాలు. దానికి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఆ కంప్యూటర్‌కి నెట్ మాత్రం ఇవ్వలేదు. ఫైళ్లంటే ఎక్కడైనా కాపీ పెట్టుకుంటాం. ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు, ప్రింటర్ డ్రైవర్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలంటే నాకు రెండు రోజులు పోతాయి. అందుకే సి డ్రైవ్‌నే మిర్రర్ చేయించాలనుకున్నాను.

నా దగ్గర ఉన్నవి 500 జీబీ డిస్కు ఒకటి, పాత కంప్యూటర్ నుంచి తీసిన 320 జీబీ డిస్కు ఒకటి. విండోస్ వాటిని 465, 298 అని చూపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే. నా సి డ్రైవ్ 120 జీబీ. విండోస్‌లో మిర్రర్ చేసేది పార్టిషన్‌ని, అంటే సి డ్రైవ్ లాంటి డిస్కులోని ఒక భాగాన్ని, మొత్తం డిస్కుని కాదు. ఆ 120 పట్టేంత ఖాళీ రెండో డిస్కులో ఉంటే చాలు. ఒకే మేటర్‌ని ఏ4లోనూ ఏ3లోనూ వేయాలంటే మేం ఏ4 కొలతకే సెట్ చేస్తాం కదా, ఇదీ అలాంటిదే. మిగిలిన జాగా వృథా కాదు, వేరే ఫైళ్లకు వాడుకోవచ్చు. విండోస్ 7 హోమ్ ఎడిషన్లలో మాత్రం ఈ మిర్రర్ సౌకర్యం లేదు, అది చూసుకోవాలి.

సర్వీసు అబ్బాయి వచ్చి సి డ్రైవ్‌కి మిర్రర్ పెట్టి "ఇంక భయం లేదక్కా" అని వెళ్లాడు. గత ఆషాఢంలో 500 డిస్కు చచ్చిపోయింది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గానీ శ్రావణం ముహూర్తాల కార్డులన్నీ మాకు అప్పుడే వస్తాయి. రెండో డిస్కు ఉందిలే అని ధైర్యంగా ఆన్ చేశాను. నల్లటి తెర, మూలన గీత కొట్టుకుంటూ ఉంది. అంతే.

ఆ 320 డిస్కు తీసి మా తమ్ముడి కంప్యూటర్‌కి తగిలిస్తే 'ఫారిన్' (వేరే కంప్యూటర్ నుంచి వచ్చిన డిస్కు) అని చూపించింది. కొర్లగుంట దాటని డిస్కు ఫారిన్ ఎప్పుడెళ్లిందే అని మా అత్త. ఇంపోర్ట్ చేశాక, అంటే ఆ కంప్యూటర్‌లోకి చేర్చుకున్నాక చూస్తే సి డ్రైవ్ మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. మరెందుకు బూట్ కాలేదు, అంటే విండోస్ ఎందుకు లేవలేదు?

ఖాళీ డిస్కులో విండోస్ 7 వేసేటప్పుడు 'సిస్టమ్ రిజర్వ్‌డ్' అని 100 ఎంబీ ముక్కొకటి తనంతట తనే చేసుకుంటుంది. కంప్యూటర్‌ని లేపే ఫైళ్లు ఉండేది అందులో. దానికి డ్రైవ్ లెటర్ ఉండదు కాబట్టి మై కంప్యూటర్‌లో కనబడదు. ఆ అబ్బాయి దాన్ని వదిలేశాడు. పైగా మైక్రోసాఫ్ట్ భాషలో బూట్ ఫైళ్లున్న ఆ ముక్క పేరు సిస్టమ్ పార్టిషన్, విండోస్ ఉన్న సి పేరు బూట్ పార్టిషన్. ఇలా తిరగేసి పేర్లు పెడితే ఆ అబ్బాయిని మాత్రం ఏమనగలం?

నాలుగు రోజులు పని ఆగింది. రెండు పెళ్లిళ్ల కార్డులు చిత్తూరులో తెలిసినవాళ్ల దగ్గర చేయించి ఇచ్చాను. మాట పోలేదు గానీ లాభం పోయింది.

ఇప్పుడు 500 స్థానంలో 1 టీబీ డిస్కు ఉంది. 320తో జత చేసి ముందు ఆ 100 ఎంబీని, తర్వాత సి డ్రైవ్‌ని మిర్రర్ చేయించాను. మొన్న ఆదివారం షట్టర్ దించి 1 టీబీ డిస్కు కేబుల్ పీకేశాను. బయోస్‌లో (ఏ డిస్కు నుంచి లేవాలో చెప్పే సెట్టింగుల్లో) 320ని ముందు పెట్టి ఆన్ చేస్తే మెనూలో 'సెకండరీ ప్లెక్స్', అంటే మిర్రర్‌లోని రెండో కాపీ అన్న లైన్ వచ్చింది. అది నొక్కితే విండోస్ లేచింది, పేజ్‌మేకర్ తెరుచుకుంది, అక్షరాలన్నీ సరిగా ఉన్నాయి. కేబుల్ మళ్లీ పెట్టి రీయాక్టివేట్ చేశాక (ఆ డిస్కుని మళ్లీ మిర్రర్‌లో కలిపాక) రెండు డిస్కులూ సమానం కావడానికి గంట పైనే పట్టింది.

ఇంకో మాట కూడా మీ శీర్షికలో లేదు. ఒక కస్టమర్ పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్ నా ఫోల్డర్లన్నిటినీ షార్ట్‌కట్లు చేసేసింది. మిర్రర్ కదా, రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చేసింది! అందుకే వారానికోసారి విడిగా ఎక్స్‌టర్నల్ డిస్కులో కాపీ తీసి ఇంట్లో బీరువాలో పెడుతున్నాను.

వచ్చే వారం శీర్షికలో ఆ 100 ఎంబీ సంగతి, కేబుల్ పీకి చూసే పరీక్ష రెండు లైన్లలోనైనా వేయండి. మీ శీర్షిక కత్తిరించి గోడకు అంటించుకునే షాపులు మా వీధిలోనే మూడున్నాయి.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు,
కొర్లగుంట, తిరుపతి