పాత భవనంలో ఇనుమెంతో టెండర్‌లోనే చెప్పండి

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక శాఖ మంత్రిగారికి,

భవనం కట్టే టెండర్ సంగతి అందరికీ తెలిసిందే. ఎవరు తక్కువకు కోట్ చేస్తే పని వాళ్లది. కూల్చే టెండర్ అంత సూటిగా ఉండదు. అందులో ఖర్చుతో పాటు రాబడీ ఉంది: ఇనుప కడ్డీలు, టేకు తలుపులు, రాగి వైర్లు, లిఫ్టు. అందుకే ఒకచోట శాఖే కాంట్రాక్టరుకు డబ్బిస్తుంది, మరోచోట సర్కారు పాట (కనీస ధర) ఇంతని పెట్టి కాంట్రాక్టరు దగ్గరే డబ్బు కట్టించుకుంటుంది. రెండూ సక్రమమైన పద్ధతులే. కానీ ‘వచ్చిన సామాను కాంట్రాక్టరుదే’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, లోపల ఎంత ఇనుముందో ముందే తెలిసినవాడికే లాభం. తెలియనివాడు భయపడి రేటు పెంచుతాడు, లేదా అసలు టెండరే వేయడు. ఇక పోటీ ఎక్కడిది?

కొచ్చి దగ్గర మరడులో సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను పేల్చి కూల్చారు. అక్కడ ఇనుము కూల్చిన సంస్థలకు పోయింది. కాంక్రీటు శిథిలాలకు విడిగా కాంట్రాక్టు ఇచ్చారు, వాటిని తీసుకున్నవారే మున్సిపాలిటీకి ఎదురు డబ్బు కట్టారు. చెత్త అనుకున్నదానికీ ధర ఉందన్నమాట. మన దగ్గరా అంచనాతో పాటు సామాను జాబితా, దాని విలువ టెండర్లు పెట్టే ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో పెట్టించండి. టెండర్ వేసేవాళ్లందరికీ ఒకే రోజు భవనం చూపించండి.

ఇంకో మాట. అన్ని కూల్చివేతలకూ ఎల్-1, అంటే అందరికంటే తక్కువ కోట్, ఒక్కటే కొలత కాకూడదు. 2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులో కాలిపోయిన భవనాన్ని గుర్తు చేసుకోండి. మంటలకు బలహీనపడిన స్లాబులు, పక్కనే జనం ఉండే ఇళ్లు. అలాంటిచోట పై అంతస్తులకు అందే యంత్రం ఉందా, ఏ వరసలో కూలుస్తారు, పక్కింటికి నష్టమైతే బీమా ఉందా అన్నవి టెక్నికల్ బిడ్‌లోనే తేలాలి. ఆ గడప దాటినవాళ్ల ప్రైస్ బిడ్ మాత్రమే తెరవాలి. అంచనా కంటే మరీ లెస్‌కు (తక్కువకు) వేసినవాడు ఎక్కడ మిగుల్చుకుంటాడో మీకు చెప్పనక్కర్లేదు: హెల్మెట్లలో, బారికేడ్లలో, శిథిలాల రవాణాలో.

ఆ రవాణాయే అసలు చిక్కు. జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లున్నాయి. 2016 నాటి కేంద్ర నిబంధనలే, నెలలో 300 టన్నులు దాటే ప్రాజెక్టు వ్యర్థాలను వేరుచేసి అప్పగించాలన్నాయి. అయినా అర్ధరాత్రి చెరువు గట్టున లారీ ఖాళీ చేసి వెళ్లిపోతే పట్టుకునేదెవరు? ప్లాంటు తూకం చీటీ జతచేయనిదే ఫైనల్ బిల్లు పాస్ కాకూడదని కాంట్రాక్టులోనే రాయించండి.

పని ముగిశాక అందరి రేట్లు, వచ్చిన ఇనుము తూకం, శిథిలాల తూకం అదే పోర్టల్‌లో ఉంచండి. తర్వాతి భవనానికి అంచనా వేసే ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) అంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడొకరు