పద్యనాటకాన్ని జనం మధ్య నుంచే లైవ్‌లో చూపించండి: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులు శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారం. దూరదర్శన్ తెలుగు ఛానెళ్లు సప్తగిరి, యాదగిరి రెండూ కలిసి ఏడాదికి ఒక్క పద్యనాటకాన్నయినా ప్రత్యక్ష ప్రసారం చేసేలా చూడమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. స్టూడియోలో రికార్డు చేసి, కత్తిరించి, ముక్కలుగా వేసే నాటకం మాకు వద్దు. తెర వెనక ప్రార్థన అందుకున్నప్పటి నుంచి మంగళం పాడేదాకా వేదిక మీద జరిగేది జరిగినట్టు ఇళ్లలో ఉన్నవాళ్లకూ కనిపించాలి, వినిపించాలి.

మీరు ఒడిశాలో కలెక్టరుగా పనిచేసినవారు. అక్కడి జాత్రా నాటక కంపెనీలు, వాటి కోసం ఊళ్లకు ఊళ్లు కదిలిరావడం మీకు తెలియనివి కావు. మాకు పద్యనాటకం అలాంటిది. నూట ముప్పై ఏళ్లకు పైబడిన కళ. హార్మోనియం శ్రుతిలో నటుడు పద్యాన్ని రాగంతో ఎత్తుకుని, అర్థాన్ని మొహంలో చూపిస్తూ, చివర ఆలాపనతో జనాన్ని లేపి నిలబెడతాడు. చదువు రాని రైతులు కూడా ఇన్ని పద్యాలు నోటికి చెప్పగలిగారంటే అది ఈ నాటకాల చలవే. ఆ కళను ఇవాళ నిలబెడుతున్నది పరిషత్తు పోటీలు, శివరాత్రి తిరునాళ్లు, కొన్ని పాత సమాజాల పట్టుదల. టీవీ మాత్రం దాన్ని దాదాపు వదిలేసింది.

లైవ్ నాటకం దూరదర్శన్‌కు కొత్త కాదు. 2020 అక్టోబరులో అయోధ్య రామలీలను తొమ్మిది రోజులపాటు లైవ్‌లో చూపించింది మీ సంస్థే. కరోనా రోజులు కాబట్టి ఎదురుగా జనం లేరు. సినిమా నటులు, పార్లమెంటు సభ్యులు వేషాలు కట్టారు. దేశమంతా చూసింది. ఆ ఏర్పాటు సరయూ తీరాన సాధ్యమైనప్పుడు కృష్ణా తీరాన ఎందుకు సాధ్యం కాదని అడిగే హక్కు మాకుందని నమ్ముతున్నాను.

అయితే ఏ నాటకం వేయాలి, ఎవరితో వేయించాలి అన్న రెండు ప్రశ్నలు తప్పుదారి పడితే మంచి ఆలోచన కూడా ఒక్క రాత్రితో ముగిసిపోతుంది. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం వాటి గురించే.

అమెరికా టీవీ సంస్థలు ఈ దారిలో ముందే నడిచాయి. 2013 డిసెంబరు 5న ఎన్‌బీసీ 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సంగీత నాటకాన్ని లైవ్‌గా వేసింది. ప్రధాన పాత్ర క్యారీ అండర్‌వుడ్‌ది. ఆమె ఎంతో పేరున్న గాయని, నటనలో అనుభవం తక్కువ. కోటీ ఎనభై లక్షల మందికి పైగా చూశారు గానీ విమర్శకులు ఆమె నటనను ఎత్తిచూపి, పక్క పాత్రలు వేసిన ఆడ్రా మెక్‌డొనాల్డ్, లారా బెనాంటీ వంటి రంగస్థల నటులను మెచ్చుకున్నారు. స్టూడియోలో ప్రేక్షకులు లేకపోవడంతో పాట అయిపోయాక చప్పట్లు కూడా లేవు. రెండేళ్ల తర్వాత అదే సంస్థ 'ది విజ్' వేసినప్పుడు కథ మారింది. బహిరంగ ఆడిషన్లు పెట్టి, ఎవరికీ తెలియని షనీస్ విలియమ్స్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయిని నాయికగా తీసుకున్నారు. క్వీన్ లతీఫా, మేరీ జే బ్లైజ్ లాంటి పెద్ద పేర్లను చుట్టూ నిలబెట్టారు. 1975లో బ్రాడ్‌వేలో అదే నాయిక పాత్ర వేసిన స్టెఫనీ మిల్స్‌కు ఈసారి పిన్ని పాత్ర ఇచ్చారు. నాటకాన్ని మోసేది గొంతున్న కొత్త మనిషి, జనాన్ని టీవీ దగ్గరికి రప్పించేది తెలిసిన మొహాలు. మనం తీసుకోవలసిన పద్ధతి ఇదే అనిపిస్తుంది నాకు.

వాళ్లకు ఎదురైన ఒక కష్టానికి మన దగ్గర ఎప్పటి నుంచో పరిష్కారం ఉంది. 2019 జనవరిలో ఫాక్స్ సంస్థ 'రెంట్' నాటకాన్ని లైవ్ వేయబోతుంటే, డ్రెస్ రిహార్సల్‌లో ముఖ్య నటుడి పాదం విరిగింది. అతని బదులు ఆ పాత్ర కట్టేవాళ్లు లేరు. చివరికి లైవ్ అని చెప్పిన కార్యక్రమంలో చాలాభాగం ముందురోజు రిహార్సల్ రికార్డింగే వేశారు. మన కాంట్రాక్టు నాటకాల్లో ఈ ఇబ్బంది రాదు. ఒకే రాత్రి నాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేర్వేరు నటులు ఉంటారు. పడకసీను ఒకరు వేస్తే రాయబారం మరొకరు వేస్తారు. హరిశ్చంద్రుడూ అంతే, వారణాసి దాకా ఒకరు, కాటిసీనుకు ఇంకొకరు. కాంట్రాక్టరు వేర్వేరు సమాజాల నుంచి పేరున్న నటులను కుదుర్చుకుని, వాల్‌పోస్టరు మీద వరుసగా పేర్లు వేసేవాడు. ఒకే పాత్రలో ఇద్దరు దిగ్గజాలు ఒకే రాత్రి వేదిక ఎక్కితే ఎవరి పద్యానికి ఎక్కువ వన్స్‌మోర్‌లు పడ్డాయో మర్నాడు ఊరంతా లెక్కలు వేసుకునేది. తారలను ఎంచుకునే కళ మాకు పాతదే, మంత్రిగారూ. దాన్ని టీవీకి తగ్గట్టు వాడుకోవడమే మిగిలింది.

ఇక నాటకం. నన్నడిగితే మొదటి ఏడాది తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలే వేయాలి. తెల్లవార్లూ ఆడే మొత్తాన్ని అడగడం లేదు. పడకసీను, రాయబారం, రెండూ కలిపి రెండున్నర గంటల్లో ఒదుగుతాయి. కారణం చెబుతాను. పడకసీనులో కృష్ణుడు నిద్ర నటిస్తుంటాడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు. దొంగనిద్రలోని ఆ చిరునవ్వు, దుర్యోధనుడి ఎదురుచూపులోని అసహనం వెనక వరసలో కూర్చున్నవాడికి ఎప్పుడూ సరిగా కనిపించలేదు. కెమెరా దగ్గరికి వెళ్లి చూపించగలిగేది సరిగ్గా ఇదే. లేచిన కృష్ణుడు దుర్యోధనుణ్ణి 'బావా' అని పలకరిస్తూ ఎత్తుకునే పద్యం తెలియని తెలుగిల్లు అరుదు. ఆ పద్యం మొదలయ్యే క్షణంలో గుంటూరులోనూ ఖమ్మంలోనూ డాలస్‌లోనూ ఇంటింటా పెద్దవాళ్లు గొంతు కలుపుతారు. లైవ్ ప్రసారానికి అంతకంటే ఏం కావాలి? పైగా రాయబారంలో కౌరవ సభ ఉంది. భీష్ముడు, ధృతరాష్ట్రుడు, విదురుడు, కర్ణుడు అందరూ ఉన్న సభ అది. రకరకాల నటులకు చోటు దొరుకుతుంది.

రెండో ఏడాది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్ర. దాని కాటిసీనులో నటులు, కవి గుర్రం జాషువా రాసిన శ్మశాన పద్యాలు పాడతారు. నాటకకర్త రాసినవి కావవి, నటులు తెచ్చి చేర్చుకున్నవి. జనం వాటిని నాటకంలో భాగంగానే స్వీకరించారు. అంటరానితనాన్ని అనుభవించిన కవి మాటలు కాటికాపరి వేషంలో ఉన్న చక్రవర్తి నోట పలకడం తెలుగు రంగస్థలం చేసిన గొప్ప పనుల్లో ఒకటని నేను అనుకుంటాను. ఆ పద్యాల దగ్గర తొందరపెట్టకూడదు. సమయం చాలకపోతే ఇంకేదైనా తగ్గించండి. నక్షత్రకుడి పాత్రకు శ్రీకాకుళం జిల్లాకు చెందిన యడ్ల గోపాలరావు గారు పేరు తెచ్చారు. 2020లో మీ ప్రభుత్వమే ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆయన లాంటివారి సలహా ఆ రోజు తప్పక తీసుకోవాలి.

సురభి వారి మాయాబజార్ వేరే దారి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల నాటక సంస్థలో ఒక తారను వెతకనక్కర్లేదు, కంపెనీయే తార. తీగల మీద ఎగిరే పాత్రలు, కళ్లముందే పుట్టే మంటలు, క్షణంలో మారే తెరలు. గ్రాఫిక్స్‌కు అలవాటుపడిన పిల్లలకు ఇవన్నీ ఇప్పుడే, ఎదురుగానే, మనుషుల చేతులతో జరుగుతున్నాయని తెలిస్తే కలిగే ఆశ్చర్యం లైవ్‌లోనే దొరుకుతుంది. తొలి తెలుగు టాకీ 1932లో సురభి నాటకం నుంచే పుట్టింది, అందులో నాయిక సురభి కమలాబాయి. వెండితెరకు అంత ఇచ్చినవాళ్లకు టీవీ తెర మీద ఒక రాత్రి ఇవ్వడం పెద్ద కోరిక కాదు. చింతామణి నాటకం మాటెత్తితే 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించిన గొడవ ముందుకొస్తుంది. దాన్ని ఈ పనిలోకి లాగకండి.

తారల విషయానికి వస్తాను. అధికారులకు మొదట తట్టేది సినిమా హీరో. ఫలానా హీరో కృష్ణుడు కడితే రేటింగు వస్తుందని ఎవరో ఒకరు మీ ముందు కాగితం పెడతారు. దయచేసి ఒప్పుకోకండి. కృష్ణుడి పాత్రను బందా కనకలింగేశ్వరరావు, ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారు మోశారు. వాళ్లను తారలుగా చేసింది పద్యం పాడిన తీరు. సత్యభామగా స్థానం నరసింహారావు గారికి 1956లోనే పద్మశ్రీ వచ్చింది. హెచ్చు శ్రుతిలో రెండు గంటలు పద్యాలు పాడాలంటే ఏళ్ల సాధన ఉండాలి. అది లేని హీరోకు ట్రాకు, అంటే ముందే రికార్డు చేసిన పాట, వేయాల్సి వస్తుంది. ట్రాకు వేసిన మరుక్షణం ఈ ప్రసారానికి అర్థం పోతుంది.

సినిమావాళ్లు వద్దని నా ఉద్దేశం కాదు. పద్యభారం తక్కువున్న పాత్రలు ఉన్నాయి. కౌరవ సభలో ధృతరాష్ట్రుడికో విదురుడికో తనికెళ్ల భరణి, ఎల్.బి. శ్రీరామ్ వంటి రంగస్థలం నుంచి వెళ్లిన నటులను అడగండి. సంతోషంగా వస్తారని నా ఆశ. ప్రచారంలో వాళ్ల మొహాలు వేయండి. కృష్ణుణ్ణి మాత్రం ఆడిషన్‌లో ఎంచండి. విజయవాడ, హైదరాబాద్, శ్రీకాకుళం, తిరుపతిలతో పాటు బళ్లారిలో కూడా ఒక కేంద్రం పెట్టండి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్లారి రాఘవ పుట్టించిన నాటక సంప్రదాయం ఆ ఊరిది. పరీక్ష చాలా సులువు. పక్కన హార్మోనియం, ఎదురుగా వందమంది జనం, మైకు లేకుండా రెండు పద్యాలు, ఒక ఆలాపన. చివరి వరస దాకా అక్షరం వినబడాలి. ఆడపిల్లలను కూడా కృష్ణుడి పాత్రకు రానివ్వండి. మన వేదిక మీద ఆడవాళ్లు కృష్ణుడి వేషం కట్టడం, మగవాళ్లు సత్యభామలవడం రెండూ జనం మెచ్చినవే. గెలిచినవాళ్లలో ఒకరు మొదటి కృష్ణుడు, ఇంకొకరు రెండో కృష్ణుడు.

ప్రసారం చేసే తీరు గురించి రెండు మాటలు. హార్మోనిస్టును తెర వెనక దాచకండి. నటుడి గొంతు ఎటు వెళితే అటు వెళ్లే ఆ వేళ్లు కూడా చూడవలసినవే. కిరీటాలు, భుజకీర్తులు, హారాలు చేసే చప్పుడు మైకుల్లో పడుతుంది కాబట్టి, పూర్తి ఆహార్యంతో కనీసం రెండు రిహార్సల్స్ జరగాలి. పద్యం నడుస్తుండగా కెమెరాలు గబగబా మార్చే అలవాటు పాటల పోటీల నుంచి వచ్చింది. పద్యానికి అది పనికిరాదు. ఆలాపన చివరిదాకా ఒకే మొహం మీద నిలవగలిగే డైరెక్టరు కావాలి. వన్స్‌మోర్ పడితే నటుడు మళ్లీ పాడే వీలుండాలి, ఆ అయిదు నిమిషాలు టైమ్‌టేబుల్లో ముందే వదలండి. తుమ్మలపల్లి కళాక్షేత్రమైనా రవీంద్రభారతైనా నాకు అభ్యంతరం లేదు. నిజంగా మనసులో ఉన్నది మాత్రం తెనాలి లాంటి ఊళ్లో ఆరుబయట వేదిక, ముందు చాపలు, వెనక కుర్చీలు, ఈలలు, చదివింపులు. ఆ జనం కూడా నాటకంలో భాగమే.

డబ్బు గురించి అడుగుతారని తెలుసు. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆకాశవాణి, దూరదర్శన్‌ల పరికరాలకు, అభివృద్ధికి 2,539.61 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అలా సమకూరిన పరికరాలు క్రికెట్‌కూ కవాతులకే పరిమితం కానక్కర్లేదు. దేశంలోని వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు కార్యక్రమాల్లో తగిన చోటివ్వడం 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షను ఆ సంస్థకు అప్పగించిన పని. దూరదర్శన్ వారి ఉచిత ఫ్రీ డిష్ మీద సప్తగిరి, యాదగిరి చూసే ఇళ్లలో పద్యం తెలిసిన ముసలివాళ్లున్నారు, నెలనెలా కేబుల్ బిల్లు కట్టలేనివాళ్లున్నారు. మీ వేవ్స్ యాప్‌లో అదే ప్రసారం ఇస్తే విదేశాల్లోని తెలుగువాళ్లూ చూస్తారు.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులు గారి పుట్టినరోజు. తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటాం. మొదటి ప్రసారానికి ఆ తేదీ ఖాయం చేయండి. ఆడిషన్లకు కనీసం ఆరు నెలల ముందు ప్రకటన ఇవ్వండి. పల్లెల్లోని సమాజాలకు కబురందడానికి, పనులు చూసుకుని సాధన చేయడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఎంపిక సంఘంలో సగంమందికి తగ్గకుండా పద్యనాటక నటులు, హార్మోనిస్టులు ఉండాలి. వాళ్ల పేర్లు ముందే ప్రకటించాలి. నటులకు, వాద్యకారులకు, మేకప్ వాళ్లకు పారితోషికం ప్రసారం అయిన నెలలోపు అందాలి. ఈ ఉత్తరాన్ని హిందీలోకి తర్జుమా చేయించి మీ కార్యాలయానికి, ప్రసార భారతి సీఈవో గారికి పంపుతున్నాను. మీ నిర్ణయాన్ని సప్తగిరి, యాదగిరి కేంద్రాల ద్వారా తెలుగులోనే ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
పద్యనాటకాన్ని ప్రాణంగా ప్రేమించే ఒక ప్రేక్షకురాలు,
గుంటూరు జిల్లా