మన అరుగు ఆపేశారు, సూరిబాబూ

ఆత్రేయపురం,
శుక్రవారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరిబాబూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. తిట్టాలనుంటే సంక్రాంతికి వచ్చినప్పుడు ఎదురుగా కూచుని తిట్టు, వింటా. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పెద్దాడు పాలిటెక్నిక్‌లో చేరాడు, సార్వా కోతలు అయిపోయాయి, కొబ్బరి ధర పర్వాలేదు, మీ అన్నయ్య కొత్త గేదెని కొన్నాడు. అంతే కబుర్లు. అసలు సంగతి చెప్పకుండా ఇంక ఒక్క లైను కూడా రాయలేను.

రేడియోలో మన 'అరుగు' కార్యక్రమం ఆపేశారురా.

ముందు చెప్పింది లేదు, ఇదే ఆఖరిసారి అన్నది లేదు. సోమవారం సాయంత్రం టైముకి సెట్టు పెడితే ఇంకో ఊరి నుంచి రిలే. మర్నాడూ అదే. పడవ పాటల్లేవు, ఊడ్పు పాటల్లేవు, బుర్రకథ లేదు, చివర్లో ఉత్తరాలు చదివే ఆ ఐదు నిమిషాలూ లేవు. మనవాళ్ళు కొందరు ఆకాశవాణి కేంద్రానికి వెళ్ళి అడిగితే ఒకటే మాట: "శ్రోతల నుంచి స్పందన లేదండి, ఉత్తరాలు రావట్లేదు." ఉత్తరాలు తగ్గినమాట నిజమే. ఎందుకు తగ్గాయో మాత్రం అక్కడ ఎవరూ వెతకలేదు. నన్నడిగితే మొత్తం గొడవంతా అక్కడే ఉంది.

చూడు, మీడియం వేవ్ మన డెల్టా నేలకి సరిగ్గా సరిపోయింది. ఆ తరంగం నేలని పట్టుకుని పాకుతూ వస్తుంది. నేల ఎండుగా, రాతిగా ఉంటే దారిలోనే ఇంకిపోతుంది. తడిగా, ఉప్పగా ఉంటే చాలా దూరం వెళ్తుంది. సముద్రం మీదైతే ఇంకా బాగా వెళ్తుంది. అందుకే అంతర్వేది అవతల వలేసుకున్నవాడికీ, లంకలో గట్టు మీద కూచున్నవాడికీ అరుగు ఒకేలా వినపడేది. ఎఫ్‌ఎం అలా కాదు. అది దాదాపు చూపు మేరకే, టవరెత్తుని బట్టే. మరి ఇప్పుడు? నేల మారలేదు, సముద్రం మారలేదు, మధ్యలో రొద పెరిగింది. ఉండి, ఆకివీడు, భీమవరం వైపు చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు తెల్లవార్లూ తిరుగుతాయి కదా. మోటారు పాపం తక్కువే. దాని స్టార్టర్లో కాలిన కాంటాక్టులు, కరెంటు లైన్లో లూజు జాయింట్లు, సముద్రపు గాలికి ఉప్పు పేరుకున్న, స్తంభాల మీది పింగాణీ కప్పులు, వీటి దగ్గర పుట్టే సన్నటి స్పార్కే రేడియోలో బర్రుమంటుంది. మంచు పడ్డ రాత్రి ఇంకా ఎక్కువ. దానికి తోడు ప్రతి ఇంట్లో చవక ఎల్ఈడీ బల్బులు, సెల్‌ఫోన్ చార్జర్లు. వినపడకపోతే ఉత్తరం ఎవడు రాస్తాడు? వినపడదు కనక రాయరు, రాయరు కనక వినేవాళ్ళు లేరు, వినేవాళ్ళు లేరు కనక కార్యక్రమం దండగ. ఇదీ వరస. ఒళ్ళు మండిపోతుందిరా తలుచుకుంటే.

ఇప్పుడు లొల్ల లాకుల దగ్గర జరిగింది చెప్తా. మొన్న ఆదివారం సాయంత్రం, సరిగ్గా అరుగు టైముకి, సెట్లున్న వాళ్ళంతా సెట్లతో రండి అని మనవాళ్ళు కబురు పెట్టారు. పులిదిండి నుంచి, ర్యాలి నుంచి, ఇటు పేరవరం నుంచి వచ్చారు. పాతకాలపు చెక్క పెట్టె సెట్లు, తోలు సంచీ ట్రాన్సిస్టర్లు, చేతిలో పట్టేంతవి, అన్నీ. గొడుగు గారు కూడా వచ్చారు. అవును, గొడుగుతోనే! నువ్వుంటే పొర్లి పొర్లి నవ్వేవాడివి. ఆయన గొడుగు తెరిచి మరీ కూచున్నారు, మేఘం ముక్క కూడా లేని ఆకాశం కింద. సరే, ఆ కథ నువ్వొచ్చాక.

అక్కడ నినాదాలేం లేవు. ముందు ప్రతి సెట్టూ పెట్టి చూశారు. ఊళ్ళో పలకని సెట్లు లాకుల దగ్గర చక్కగా పలికాయి. అంటే సెట్లు చెడలేదు, ఇళ్ళల్లో రొద. దానికి పరీక్ష తేలిక. సెట్టుని బ్యాటరీల మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపాలి. రొద ఆగితే కారణం ఇంట్లోనే ఉంది, ఒక్కో బల్బూ వేసుకుంటూ వెళ్తే ఏదో తెలిసిపోతుంది. ఆగకపోతే బయటి లైను. సెట్టు పట్టుకుని లైను కిందే నడిస్తే ఏ స్తంభం దగ్గర రొద పెరిగిందో దాని నంబరు రాసుకుని లైన్‌మ్యాన్‌కి ఇవ్వాలి. నంబరిస్తే వెళ్ళి చూస్తాడు, ఊరికే "రేడియో రావట్లేదు" అంటే వినడు.

ఇంకో ఉపాయం మన రేడియో మెకానిక్ బాబాయి చూపించాడు, దానికి మాత్రం జనం విరగబడ్డారు. చెక్కతో ఒక్కో పక్క 45 సెంటీమీటర్లుండే నలుచదరపు చట్రం చేసి, దాని చుట్టూ మామూలు ఇంటి వైరింగు తీగ 16, 17 చుట్లు చుట్టడమే. తీగ దాదాపు 31 మీటర్లు పడుతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య అర సెంటీమీటరు వదలాలి. ఆనించి చుడితే బ్యాండు పైకొస మీద స్టేషన్లు అందవు. రెండు కొసలూ పాత రేడియోలో స్టేషన్లు మార్చడానికి తిప్పే 365 పికోఫారడ్ గ్యాంగ్ కండెన్సరు తీసి దానికి కలపాలి. అంతే, సెట్టుకి తీగతో కలపక్కర్లేదు, పక్కన పెడితే చాలు. సెట్టు లోపల ఏరియల్‌గా ఉండే ఫెర్రైట్ కడ్డీ, చట్రం తలానికి లంబంగా ఉండేటట్టు చూసుకోవాలి. చట్రం అంచు స్టేషన్ వైపు తిప్పి, గ్యాంగ్ మెల్లిగా తిప్పుతుంటే ఒకచోట గొంతు ఒక్కసారిగా పెరుగుతుంది. చీకటి పడ్డాక దూరపు స్టేషన్లు మీదపడితే చట్రాన్ని కొంచెం కొంచెం తిప్పి వాటిని తగ్గించుకోవచ్చు. ఇనప చట్రం మాత్రం పనికిరాదు, సిగ్నల్‌ని అదే మింగేస్తుంది. పాలకొల్లు నుంచి వచ్చిన ఒకాయన కిటికీ ఊచకి ఆనించి పెట్టి, పనిచెయ్యట్లేదని వారం నుంచీ దిగులు పడుతున్నాడట.

తర్వాత అందరూ చాపల మీద కూచుని కార్డులు రాశారు. ఇప్పుడు నీ సంగతికి వస్తున్నా. పుణేలో వెయ్యి కార్డులు అచ్చేయించి పంపిస్తానన్నావు కదా, ఒరేయ్, నీ మనసు వెన్న, కానీ ఆ పని చెయ్యకు. చేత్తో రాసిన పోస్టుకార్డు 50 పైసలు. అదే విషయం అచ్చేస్తే అది అచ్చు కార్డు, దానికి 6 రూపాయలు. 50 పైసలకే వేస్తే బేరింగ్ అవుతుంది, లోటుకి రెట్టింపు అందుకునేవాళ్ళు కట్టాలి. ఏ ఆఫీసూ కట్టదు, కార్డులు వెనక్కి. పైగా వెయ్యి కార్డుల్లో ఒకే వాక్యాలుంటే చదివేవాడికి ఒక్క మనిషే కనిపిస్తాడు. మూడొందల సంతకాల మహజరు కూడా వాళ్ళ లెక్కలో ఒక కాగితమే. వంకర టింకర అక్షరాల మూడొందల కార్డులు మూడొందల ఇళ్ళు.

ఏం రాయాలో కూడా అక్కడే అనుకున్నారు. ఊరు, పిన్‌కోడు, వయసు, చేసే పని. ఏ తేదీన ఏ పాట విన్నారో, ఏ సమాధానం పనికొచ్చిందో ఒకటి. ఎంత స్పష్టంగా వినపడిందో, ఎలాంటి రొద వచ్చిందో ఒక ముక్క. చివర్లో ఒకే కోరిక: మళ్ళీ పెట్టండి. కోరికలు నాలుగు రాస్తే తేలికదాన్ని తీర్చి మిగతావి వదిలేస్తారు. అనౌన్సర్లని ఒక్క మాట అనకూడదు. ఇది గట్టిగా చెప్పారు, నాకు చాలా నచ్చింది. ఆ నిర్ణయం వాళ్ళది కాదు, అందులో క్యాజువల్ వాళ్ళకి డ్యూటీ పడ్డ రోజే డబ్బులు, అరుగు పోతే వాళ్ళకీ కూలి పోయినట్టే. ఇంకొకటి, కార్డులన్నీ ఒకే పెట్టెలో వెయ్యకూడదు. అమలాపురం, ముమ్మిడివరం, నరసాపురం, తణుకు, ఎక్కడి కార్డు అక్కడే వెయ్యాలి. పోస్టాఫీసు ముద్రే సాక్ష్యం. వేసే ముందు రెండు వైపులా ఫోటో తీసుకోవాలి.

నువ్వొక కార్డు రాయి, పుణే ముద్రతో. రేడియో యాప్‌లో వింటున్నానని రాయి. యాప్‌లో విన్నది వాళ్ళ లెక్కకి తనంతట తనే చేరుతుంది, మీడియం వేవ్ సెట్టు దగ్గర కూచున్న ముసలావిడ ఏ లెక్కలోకీ రాదు. ఆ తేడా నువ్వు రాస్తేనే బాగుంటుంది.

ఇంకోపక్క సమాచార హక్కు దరఖాస్తు తయారవుతోంది. తెలుగులోనే రాయొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ కనక 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, అకౌంట్స్ ఆఫీసర్ పేరు మీద. "ఎందుకు ఆపారు?" అని అడగకూడదు. అభిప్రాయాలు ఇవ్వం అని ఒక్క ముక్కలో తిప్పేస్తారు. కాగితాలు అడగాలి. ఆపమన్న ఉత్తర్వు నకలు, దాని ఫైల్లో అధికారులు రాసుకున్న నోట్ షీట్లు, ఈ కార్యక్రమానికి మూడేళ్ళలో వచ్చిన ఉత్తరాల రిజిస్టరు, శ్రోతల మీద సర్వే చేసుంటే దాని నివేదిక, ఏ టైముకి ఏ కార్యక్రమమో చూపే పాత ఫిక్స్‌డ్ పాయింట్ చార్టు, కొత్త చార్టు. రిజిస్టరే లేదన్నారనుకో, మరి స్పందన లేదని ఎలా తేల్చారండీ అని అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. నకలు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు. తప్పు ఆఫీసుకి వెళ్ళినా భయం లేదు, 5 రోజుల్లో సరైన చోటికి వాళ్ళే పంపాలి. స్పీడ్ పోస్టులో పంపుతారు, 2025లో రిజిస్టర్ పోస్టుని అందులోనే కలిపేశారు కదా. ఇవి కాక అమలాపురం, నరసాపురం ఎంపీలతో ఢిల్లీ ఆకాశవాణి భవన్‌కి ఒక్కో ఉత్తరం రాయించాలని. ఎంపీ ఉత్తరం అందినట్టు 15 రోజుల్లో చెప్పాలి, ఆపైన 15 రోజుల్లో జవాబివ్వాలి, అది ఆఫీసు పద్ధతి. అదీ, ఇదీ, కార్డులూ అన్నీ వచ్చే మూడు నెలల షెడ్యూలు ఖరారు కాకముందే చేరాలి. చార్టు అచ్చయ్యాక ఎంత మొత్తుకున్నా ఇంకో మూడు నెలలు ఆగమంటారు.

అవుతుందా అంటావు, నాకు తెలుసు నీ బుర్ర. బీబీసీ వాళ్ళు 2010 మార్చిలో 6 మ్యూజిక్ అనే రేడియో స్టేషన్ మూసేస్తామన్నారు. శ్రోతలు గోల చెయ్యడమే కాదు, వినడం పెంచారు. జులైకల్లా బీబీసీ ట్రస్టు ఆ ఆలోచన కాదంది. బీబీసీ హిందీ షార్ట్ వేవ్ 2011లో ఆపేస్తామంటే ఉత్తరాది పల్లెల నుంచి నిరసనలొచ్చి సాయంత్రం ఒక గంట మిగిలింది, 2020 జనవరి 31 దాకా సాగింది. తొమ్మిదేళ్ళు! ఒక గంటే కావచ్చు, తొమ్మిదేళ్ళంటే మాటలా?

ఒక్కోసారి మాత్రం దిగులుగా ఉంటుందిరా. కాకరపర్రులో పుట్టిన ఉషశ్రీ గారు, నిడదవోలులో పుట్టిన రజనీకాంతరావు గారు, వాళ్ళంతా మన కాలవ నీళ్ళు తాగి రేడియోకి వెళ్ళినవాళ్ళు. ఇప్పుడు మన యాసలో పాడే మనిషికి ఆ అరగంట తప్ప మైకు ఎక్కడుంది? ఇంకో మాట కూడా ఉంది, ఇది కార్డుల్లో ఎవరూ రాయట్లేదు, రాయమని పోరుతున్నా. 1996 నవంబర్ 6 తుఫాను గుర్తుందిగా, కోనసీమంతా కరెంటు లేక రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు సెల్‌ఫోన్ టవర్లు నిలబడవు, బ్యాటరీ సెట్టే దిక్కు. ఆ సెట్టులో బ్యాటరీలు ఎప్పుడూ బతికుండాలంటే రోజూ వినడానికి ఏదో ఒకటి ఉండాలి. తుఫాను కోసమని ఎవరూ బ్యాటరీలు మార్చుకోరు, అరుగు కోసం మార్చుకుంటారు. అరుగు తీసేస్తే సెట్టు అటకెక్కుతుంది, అటకెక్కిన సెట్టులో బ్యాటరీలు కారి స్ప్రింగులు తుప్పు పడతాయి, ఆ రోజున...

అన్నట్టు క్యాసెట్లు! మీ అన్నయ్య అటక మీద అరుగు రికార్డు చేసిన డబ్బా ఉందట కదా. కేంద్రంలో పాత స్పూళ్ళు ఎన్ని మిగిలాయో కూడా దరఖాస్తులో అడుగుతున్నారు, లేనివి మన ఇళ్ళల్లోంచి ఇద్దామని. ఆయనకి ఫోన్ చేసి చెప్పు, టేపు మీద తెల్ల బూజు కనిపిస్తే ఏ ప్లేయర్లోనూ పెట్టొద్దని. హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుద్ది. బూజువి వేరే సంచీలో. బాగున్నవాటిని ముందు ఒకసారి చివరిదాకా చుట్టి, వెనక్కి చుట్టి, అప్పుడు పెట్టాలి. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు అతుక్కుని ఉంటాయి, నేరుగా ప్లే నొక్కితే తెగే ప్రమాదం. లోపల టేపు వెనక ఉండే చిన్న స్పాంజి ఊడిపోయి ఉంటే గొంతు మందగిస్తుంది, దానికి పనికిరాని క్యాసెట్‌లోంచి ఒకటి తీసి

పోస్టుమాన్ పెట్టె తీయడానికి వచ్చేశాడు, అరుగు మీద నుంచి కేకేస్తున్నాడు. గ్యాంగ్ కండెన్సర్లు ఇక్కడ అయిపోయాయి. అక్కడ పాత విడిభాగాలు అమ్మేచోట దొరికినన్ని పట్రా, రేకులు ఒకదానికొకటి తగలకుండా తిరిగేవి చూసి. కార్డు ఇవాళే వెయ్యి.

నీ
బుజ్జి