గవర్నరు గారి పరాభవం

ఒరేయ్ పంతులూ,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం బల్ల మీదే ఉంది, రోజూ దాని మొహం చూస్తూనే ఉన్నా. రాద్దామని కూర్చుంటే ఏదో ఒకటి అడ్డం వస్తోంది. ఇక్కడంతా క్షేమం. నాన్నగారి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు నా తలలో తెల్ల వెంట్రుకలన్నీ ఆయనకే కనిపిస్తున్నాయి. పాపకి ముందు పళ్ళు ఊడాయి. ఆఫీసు ఎప్పటిలాగే ఏడుస్తోంది. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

గేమింగ్ లాప్‌టాప్ కొనాలి, ఆర్‌టీఎక్స్ 5070 గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు కదా, కంపెనీ ఏదైతేనేం అని రాశావు చూడు. దానికి జవాబు మొన్న ఆదివారం మా హాల్లో దొరికింది. దొరకబుచ్చుకున్నది ఎవరనుకున్నావ్? మన గవర్నరు! (ఆ పేరెందుకొచ్చిందో ఇక్కడ రాయను. మా ఆవిడ నా ఉత్తరాలు చదువుతుంది. నువ్వు మాత్రం ఆ గొడుగు తలుచుకుని ఓసారి నవ్వుకో.)

గవర్నరు కొత్త లాప్‌టాప్ కొన్నాడు. సన్నది, వెండి రంగుది, ఓలెడ్ తెర. మూత ఒక్క వేలితో లేస్తుందని వచ్చినవాళ్ళందరికీ లేపి చూపిస్తున్నాడు. మా బావమరిది చిన్నోడు కూడా అదే సమయంలో ఒకటి కొన్నాడు. వాడిది నల్లది, లావు, వెనక వైపు గాలి రంధ్రాలు, ఛార్జర్‌కే ఒక సంచీ కావాలి. రెండింటి మీదా ఒకటే స్టిక్కరు: ఆర్‌టీఎక్స్ 5070. రెండింట్లో ఖరీదైనది గవర్నరుది. మంటంతా అక్కడే మొదలైంది.

"ఒకటే కార్డు కదా, ఒకటే ఆట కదా, పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు చిన్నోడు, అమాయకంగా. వాడి అమాయకత్వం నీకు తెలుసుగా, క్యారమ్స్‌లో చూశావు. గవర్నరు చేతులు మడిచాడు. సరేనని రెండూ బల్ల మీద పెట్టాం. ఆ కార్ల రేసు ఆట, రెండింట్లోనూ ఒకే సెట్టింగులు, తెర కూడా 1920×1200కి దించాం. మూలన చిన్న అంకెలు కనపడేలా పెట్టాను: సెకనుకి ఫ్రేములెన్ని (అంటే తెర మీద మారే బొమ్మలెన్ని), కార్డు ఎన్ని వాట్లు తాగుతోంది, వేడి ఎంత.

చిన్నోడిది 85 దగ్గర ఆడుతోంది. గవర్నరుది 62, 64, మళ్ళీ 61.

గవర్నరు మొహం చూడాలిరా! "ఛార్జర్ వదులుగా ఉన్నట్టుంది" అని పిన్ను పీకి మళ్ళీ గుచ్చాడు. 62. ఏదో టర్బో మోడ్ నొక్కాడు, ఫ్యాన్లు లేచాయి, నాలుగు ఫ్రేములు పెరిగాయి. ఇక నేను వాట్ల అంకె మీద వేలు పెట్టి చూపించాను. చిన్నోడి కార్డు నూరు దాటి లాగుతోంది. గవర్నరుది 60 దగ్గర మొదలై, టర్బోలో డెబ్భైకి అటూ ఇటూ.

సంగతేంటంటే పంతులూ, ఈ కార్డు తయారుచేసే ఎన్విడియా వాడు లాప్‌టాప్ 5070కి 50 నుంచి 100 వాట్ల దాకా ఎంతైనా ఇచ్చుకోమని కంపెనీలకే వదిలేశాడు. డబ్బా ఎంత సన్నం, లోపల రాగి గొట్టాలెన్ని, ఫ్యాను ఎంత, వీటిని బట్టి కంపెనీవాడు ఒక అంకె ఖాయం చేస్తాడు. ప్రాసెసర్ ఖాళీగా ఉంటే దాని వాటాలోంచి కార్డు ఇంకొంచెం అప్పు తెచ్చుకుంటుంది, డైనమిక్ బూస్ట్ అంటారు. చిన్నోడిది నూరు దాటింది అందుకే. ఈ అంకె స్టిక్కరు మీద ఉండదు. కంపెనీ పేజీలో అట్టడుగున, చీమ కాలంత అక్షరాల్లో టీజీపీ (కార్డుకిచ్చే మొత్తం వాట్లు) అని ఉంటుంది. ఇదివరకు సన్నవాటికి మ్యాక్స్-క్యూ అని పేరు వెనక తోక ఉండేది, చూడగానే తెలిసేది. 30 సిరీస్ కార్డులు వచ్చినప్పుడు, 2021లో, ఆ తోక తీసేశారు. అప్పటి నుంచి 5070 అంటే 5070, అంతే!

గవర్నరు ఓడిపోతే ఊరుకుంటాడా. కంట్రోల్ యాప్‌లో ఎక్కడో మక్స్ స్విచ్ పట్టుకున్నాడు. అది మాత్రం న్యాయమైన దెబ్బే. మామూలుగా బొమ్మ పెద్ద కార్డులో తయారై, ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ గుండా తెరకి వెళ్తుంది. ఆ చుట్టుదారిలో కొన్ని ఫ్రేములు జారిపోతాయి. మక్స్ ఉంటే పెద్ద కార్డుని నేరుగా తెరకి కలిపేయొచ్చు. రీస్టార్ట్ చేశాం. 70 దాటింది. "చూశావా!" అన్నాడు. చిన్నోడు తన దాంట్లో కూడా అదే స్విచ్ వేసి మళ్ళీ ముందుకెళ్ళిపోయాడు. నేను మంచినీళ్ళకని లేచాను, నవ్వు ఆపుకోలేక.

తిరిగొచ్చేసరికి గవర్నరు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. తెర మూలన 214.

ఒట్టురా. రెండు వందల పద్నాలుగు. చిన్నోడు నోరు తెరిచాడు. నాకూ ఒక్క క్షణం అర్థం కాలేదు. సరే ఓసారి నన్నాడనివ్వండన్నా అని చిన్నోడు ఆ కీబోర్డు ముందు కూర్చున్నాడు. మొదటి మలుపులోనే గోడని రాసుకున్నాడు. రెండో మలుపూ అంతే. మెల్లిగా నా వైపు తిరిగి, "బావా, కారు చూడ్డానికి నున్నగా పోతోంది గానీ, తిప్పాక ఓసారి ఆలోచించుకుని తిరుగుతోంది" అన్నాడు.

అంతే, దొరికిపోయాడు గవర్నరు! సెట్టింగుల్లోకెళ్తే ఫ్రేమ్ జనరేషన్ 4ఎక్స్ అని ఉంది. ఎన్విడియా వాళ్ళు డీఎల్‌ఎస్‌ఎస్ 4 అని 2025 జనవరిలో 50 సిరీస్ కార్డులతో తెచ్చారులే. కార్డు నిజంగా గీసేది ఒక ఫ్రేమయితే, దాని పక్కన మూడు దాకా ఊహించి పేర్చేస్తుంది. కంటికి నున్నగా ఉంటుంది, అబద్ధం కాదు. కానీ నీ వేలు నొక్కినది ఆటకి తెలిసేది నిజం ఫ్రేములోనే. ఆ నిజం ఫ్రేములు గవర్నరు దాంట్లో సెకనుకి యాభై చిల్లరే. పైగా మధ్యవాటిని పేర్చాలంటే తర్వాతి నిజం ఫ్రేము వచ్చేదాకా ఆగాలి, ఆ ఆలస్యం అదనం. కథ నడిచే ఆటల్లో, అసలు ఫ్రేములు అరవై ఉన్నప్పుడు, దీన్ని పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. నేనైతే పెట్టుకుంటా. ఎదుటివాడితో కాల్పులాడే ఆటలో దీన్ని నమ్ముకుంటే మాత్రం చచ్చాక తెలుస్తుంది చచ్చామని. కంపెనీల ప్రకటనల్లో పాత కార్డు కన్నా ఇన్ని రెట్లు అని నిలువు గీతలు వేస్తారే, కింద ఓసారి చూడు, ఎక్కువసార్లు ఈ లెక్క కలిపేసి ఉంటుంది.

అప్పుడే మా ఆవిడ గదిలోంచి వచ్చింది, ఆ ఫ్యాన్ల మోతకి. "ఆ నల్లదాన్ని ఆపండి ముందు" అంది. ఆపాం. ఆవిడ వచ్చిన పని వేరే, పాప ఫొటోలు చూడాలని. చిన్నోడి తెర మీద తెరిస్తే పాప ఎర్ర గౌను వెలిసిపోయినట్టుంది. గవర్నరు ఓలెడ్‌లో అదే ఫొటో, కుట్టు దారం కూడా మెరుస్తోంది. ఫ్యాను చప్పుడు లేదు. "ఇదే బాగుంది" అని తేల్చేసింది. గవర్నరు ప్రాణం లేచొచ్చింది! ఇంతసేపూ ఫ్రేములు లెక్కపెట్టిన మేమిద్దరం దద్దమ్మల్లా నిలబడ్డాం.

నిజానికి ఆవిడ మాటలో విషయముంది. చిన్నోడు తెర సంగతి పట్టించుకోకుండా కొన్నాడు. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలుంటాయి. 45% ఎన్‌టీఎస్‌సీ అని ఎక్కడైనా కనిపిస్తే ఆ పేజీ మూసెయ్, రంగులు చచ్చి ఉంటాయి. 100% ఎస్‌ఆర్‌జీబీ ఉండాలి కనీసం. ఓలెడ్ బ్రహ్మాండమే, ఇప్పుడు మధ్యరకం వాటిల్లోకి కూడా దిగుతోంది, కానీ రోజంతా ఒకే ఎక్సెల్ షీటు తెరిచి ఉంచే నీలాంటివాడికి తెర మీద మచ్చ పడే భయం కాస్త ఉంటుంది. వెలుతురు బాగా తగ్గిస్తే కొన్ని ఓలెడ్‌లు కంటికి తెలియకుండా మిణుకుతాయి కూడా. నీ తలనొప్పి సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా.

ఛార్జర్ పీకి కూడా చూశాం. రెండూ చతికిలబడ్డాయి. వాటి తప్పేం లేదు, బ్యాటరీ అన్ని వాట్లు ఒక్కసారిగా ఇవ్వలేదు. పైగా విమానంలో మామూలుగా అనుమతించేది 100 వాట్-అవర్ల దాకానే, అందుకే పెద్ద లాప్‌టాప్‌లన్నీ 99 దగ్గర ఆగిపోతాయి. మొత్తం మీద నూరు వాట్లు లాగే ఆట ఆడితే గంట కూడా రాదు, లెక్క నువ్వే వేసుకో. రైల్లో ఆడుకుంటానని రాశావు. ఆడుకో, చదరంగం.

ఇక నీకు. పంతులూ, శ్రద్ధగా చదువు, మళ్ళీ రాయలేను.

5060, 5070 మధ్య ఊగకు. 2025లో వచ్చిన లాప్‌టాప్‌ల్లో రెండింటికీ వీడియో మెమరీ 8 జీబీయే. 2560×1600 తెర మీద కొత్త ఆటలకి ముందు ఇరుకయ్యేది అదే. నూరు వాట్ల 5060 దొరికితే అరవై వాట్ల 5070 జోలికి వెళ్ళక్కర్లేదు, నా మాట విను. నిజంగా మెట్టు ఎక్కాలంటే 5070 టీఐ, దానికి 12 జీబీ. ఆ పైన 5090 పేరు చూసి మోసపోకు. డెస్క్‌టాప్ 5090లో కోర్లు (కార్డులో లెక్కలు చేసే చిన్న భాగాలు) 21,760, లాప్‌టాప్ దాంట్లో 10,496. సగం కూడా లేవు, పేరు మాత్రం ఒకటే. గవర్నరు దాన్ని కొందామనుకున్నాడట మొదట్లో!

ర్యామ్ సంగతి ఇంకా అన్యాయం. ఏఐ డేటా సెంటర్లవాళ్ళు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోతున్నారు, 2025 చివరి నుంచి ధరలు భగ్గుమన్నాయి. మైక్రాన్ వాడయితే ఆ డిసెంబరులో, మనలాంటివాళ్ళకి అమ్మే క్రూషియల్ వ్యాపారమే కట్టేస్తున్నామన్నాడు. మన పాత డెస్క్‌టాప్‌లో వేసుకున్నది క్రూషియలే, గుర్తుందా, నువ్వు తిరగేసి గుచ్చినది. అందుకని "ఇప్పుడు 16 జీబీ తీసుకుంటా, తర్వాత పెంచుకుంటా" అన్న మన పాత లెక్క ఇప్పుడు నడవదు. సన్నవాటిల్లో చాలావరకు ర్యామ్ బోర్డుకే అతికేసి ఉంటుంది, పెంచడానికి వీలే లేదు. స్లాట్లు ఉన్నది చూడు. 16 ఒక్క కర్రగా ఇస్తున్నాడా, రెండు ఎనిమిదులుగానా అని కూడా అడుగు. ఒక్కటే అయితే సగం దారి మూసేసినట్టు, జనం ఎక్కువున్న చోట ఆట తడబడుతుంది.

ఏఐ స్టిక్కరుకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకు. ఆ ఎన్‌పీయూ, అంటే ఏఐ పనులకని ప్రాసెసర్‌లో పెట్టిన భాగం, నీ ఆటలకి చేసేదేం లేదు. కానీ ఏఎండీ రైజెన్ ఏఐ మ్యాక్స్ అని ఒకటుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డే ఉండదు, ప్రాసెసర్‌లోనే 40 దాకా గ్రాఫిక్స్ యూనిట్లు, మెమరీ 128 జీబీ దాకా ప్రాసెసరూ గ్రాఫిక్సూ పంచుకుంటాయి. అది చూస్తుంటే రాబోయే రోజుల్లో మధ్యరకం కార్డులన్నీ… సరే, దాని గురించి విడిగా రాస్తాను, అది పెద్ద కథ. ఖరీదూ పెద్దదే.

నీ భుజం నొప్పి, రోజూ రైలు, హాస్టలు గది ఫ్యాను చప్పుడుకే నిద్ర పట్టని ఘనత, ఇవన్నీ చూస్తే నీకు గవర్నరు లాంటిదే నప్పుతుందేమో అని కూడా అనిపిస్తోంది. చిన్నోడికి ఈ మాట చెప్పకు. ఇంకా కీలు సంగతి రాయలేదు, మూత తెరిచేటప్పుడు కింది భాగం

అదిగో, పాప వ్యాను హారను కొడుతోంది, పరిగెత్తాలి. కొనేముందు నాకు మోడల్ నంబరు మొత్తం పంపు, చివరనున్న అక్షరాలతో సహా. ఒకే పేరు మీద నాలుగు రకాల తెరలు అమ్ముతారు దొంగ వెధవలు. వాట్లు చూసి చెబుతా. అప్పటిదాకా డబ్బు కట్టకు.

నీ
బండోడు